ఓయాన్ తోలు

నన్ను పంచుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు నా మేకను పంచుకున్నారు.

మా ఆయన ఎంగోంగాను పూడ్చి అప్పటికి నెల కూడా కాలేదు. నేను గుండు చేయించుకుని, నల్లగుడ్డ చుట్టుకుని, వంటింట్లో నేలమీద ఎండు అరటాకులు పరుచుకుని కూర్చున్నాను. ముంగిలి అవతల అబాలో, అంటే మా మగవాళ్ళు పొద్దస్తమానం కూర్చుని ఊరి సంగతులన్నీ తేల్చే ఆ గోడల్లేని పాకలో, మా మరిది మెబియామె నా మేక తొడ ఎముక చీకుతూ మాట్లాడుతున్నాడు. మాటలతోపాటు చీకుతున్న చప్పుడు కూడా నాకు వినపడుతోంది.

"అన్న పోయాడు. అన్నకి కొడుకు లేడు. ఇల్లు నాది, కోకో తోట నాది. అందులో దాచేదేముంది?"

"మరి మీ వదినని ఏం చేస్తావురా?" అని ఎవరో అడిగారు.

"ఏం చేస్తాను, ఉంచుకుంటాను. చేపల పులుసు బాగా పెడుతుంది."

అందరూ నవ్వారు. మగడు పోయినది దుఃఖం విడిచేదాకా గొంతెత్తకూడదని మాకు కట్టడి. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ నవ్విన వాళ్ళెవరెవరో మాత్రం గొంతులు పట్టి లెక్క పెట్టుకున్నాను. ఏడుగురు. ఇప్పుడు ముగ్గురే బతికున్నారు, వాళ్ళతో నేను ఈనాటికీ మాట్లాడను.

నవ్వు ఆగాక అల్లోగో పెద్దయ్య గొంతు వినపడింది. ఊళ్ళో అందరికంటే పెద్దవాడు, ఆయన మాట మీద మాట లేదు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, తోలేదిరా?"

ఎముక చీకుతున్న చప్పుడు ఆగింది.

మా వంశంలో ఇంటి యజమాని నడుముకి ఓయాన్ తోలు ఉండాలి. ఓయాన్ పిల్లికంటే చిన్నది, సన్నది. పసుపురంగు ఒంటినిండా నల్లమచ్చలు, ఒంటికంటే పొడుగు తోక, ఆ తోక పొడుగునా నల్లని కట్లు. చెట్లమీదే బతుకుతుంది, పగలు నిద్రపోతుంది, వేటగాళ్ళలో కూడా పదిమందికి ఒక్కడే దాన్ని చూసి ఉంటాడు. చచ్చినవాడి తోలు వాడితోనే మట్టిలోకి పోతుంది. ఆ ఇంటికి రావాలనుకునేవాడు తన ఓయాన్‌ని తన చేతులతో పట్టాలి. దుఃఖం విడిచే రోజున అబాలో, అందరి ఎదుటా, కన్నతల్లి ఆ తోలు కొడుకు నడుముకి కడుతుంది. కట్టేదాకా ఇల్లూ, పొయ్యీ, తోటా చచ్చినవాడి పెళ్ళానివే. ముడి పడిన క్షణం నుంచి అన్నీ వాడివి, ఆ పెళ్ళాంతో సహా.

"పొడికాలం ఇప్పుడే మొదలైంది," అన్నాడు అల్లోగో పెద్దయ్య. "వానలు పడేలోగా పట్టుకురా. కట్టుకో. అంతదాకా ఆ ఇంట్లో గరిటె కూడా నీది కాదు."

"అదెంత పని!" అన్నాడు మెబియామె.

వంటింట్లో నా పక్కన మా అత్త ఎయాంగ్ కూర్చుని ఉంది. రెండు కళ్ళల్లోనూ పొరలు కమ్మి, వెలుగూ నీడా తప్ప ఇంకేమీ తెలియదు ఆవిడకి. వేరుశనగకాయలు ఒలుస్తోంది. తలెత్తకుండానే గొణిగింది.

"వాడికి బొద్దింకని పట్టడం రాదు."

మెబియామె ఆవిడ కన్నకొడుకే. మా ఆయన పోయిన తర్వాత నాకు మొదటిసారి నవ్వొచ్చింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాను.

నిజానికి మా ఇద్దరికీ పద్నాలుగేళ్ళుగా పడదు. ఉప్పూ నిప్పూ. నా పులుసులో కారం ఎక్కువనేది, నా పిల్ల నడక బాగాలేదనేది, నేను చీపురు పట్టుకునే తీరు చూస్తేనే (చూపున్న రోజుల్లో) ఒళ్ళు మండేదావిడకి. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆవిడకి వినపడేలా ఎన్నిసార్లు గిన్నెలు విసిరేశానో.

*

మెబియామెకి ఓయెమ్ పట్నంలో మోటారు సామాన్ల కొట్టు ఉంది. అడవి మొహం చూసి ఇరవై ఏళ్ళయింది. అయినా కొత్త బూట్లు, కొత్త తుపాకి, తలకి కట్టుకునే లైటు కొనుక్కుని దిగాడు. వారం తిరిగేసరికి ఒక బూటు బురదలో పోయింది, తుపాకి మందు తడిసింది, మొహమంతా ముళ్ళతీగ గీతలు. నీళ్ళకి పోయే ఆడవాళ్ళు వాడి కోసమే దారిలో కాపు కాసేవాళ్ళు.

"ఏం బాబూ, ఓయాన్ ఏదీ? సంచిలో ఉందా, పొట్టలో ఉందా?"

"అది నీకోసం పెళ్ళిబట్టలు కట్టుకుంటోందంట, రేపు రమ్మంది!"

"బూటు దానికిచ్చొచ్చావా?"

వాడు పళ్ళు కొరికేవాడు. ఆ కోపమంతా తెచ్చి నా గుమ్మంలో పోసేవాడు. ఒకరోజు వచ్చి నన్ను పలకరించకుండానే ఇంటి గోడ పొడుగునా అడుగులు వేసి కొలవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... పదకొండు. వెనక్కి తిరిగి మళ్ళీ కొలిచాడు.

"సరిపోతుంది," అన్నాడు.

"ఏంటి సరిపోయేది?" అని అడిగింది నా కూతురు ఓబోనె. పన్నెండేళ్ళది, ఎవరికీ భయపడదు.

"లారీ షెడ్డు. ఈ మట్టిగోడలు కొట్టించేసి రేకులు వేయిస్తా. నువ్వు నాతో పట్నం వస్తావు. మీ పిన్నికి చిన్నపిల్లలు, ఎత్తుకునే మనిషి లేదు."

"నాకు బడి ఉంది."

"ఆడపిల్లకి బడేంటి? పిల్లల్ని ఎత్తుకోవడం బడిలో చెప్తారా?"

అప్పుడు నేను లేచాను. గొంతెత్తకూడదు కదా, ఎత్తలేదు. మెల్లిగానే అన్నాను. "మరిదీ, తోలు కట్టుకున్నాక కొలుచుకో. అంతదాకా నా గోడ మీద చెయ్యి వేశావంటే ఈ మరిగే నీళ్ళు ఎక్కడ పోస్తానో నాకే తెలీదు."

వాడు నా మొహం చూశాడు, పొయ్యిమీద కుండ చూశాడు. "నోరు పెరిగింది. కడతాను, ఆ రోజు నీ నోరే ముందు కడతాను," అని వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత పట్నం బండెక్కాడని తెలిసింది. అడవిలో వేట మానేశాడని ఊరంతా నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. పట్టుకోలేనివాడు పట్నం వెళ్ళాడంటే ఎందుకు వెళ్ళాడో నాకు తెలియదా? పట్నం బజారులో దొరకని తోలు లేదు. వాడు కొనుక్కొస్తాడు, కష్టపడి పట్టానని ఒక కథ చెబుతాడు, ఆ ఏడుగురూ తలలూపుతారు. నా ఇల్లు షెడ్డవుతుంది, నా కూతురు ఆయా అవుతుంది, నేను వాడికి పులుసు వండుతాను.

ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. ఏడుపు కాదు, మంట.

*

మాకు పొడికాలంలో వాగులు సన్నబడతాయి. ఆడవాళ్ళం బృందాలుగా వెళ్ళి, కర్రలు పాతి, మట్టి మెత్తి వాగుకి అడ్డుకట్ట వేస్తాం. కట్టకి దిగువన నీళ్ళన్నీ బేసిన్లతో తోడేస్తే అడుగున బురదలో చేపలూ పీతలూ మిగులుతాయి. చేతులతో తడిమి పట్టి, మూతబుట్టల్లో వేసుకుంటాం. విధవ అడవిలోకి పోకూడదు, వాగుకి మాత్రం పోవచ్చు. వాగు అడవిలోంచే పోతుందన్న సంగతి మా తాతలకి తట్టలేదు, వాళ్ళు చల్లగా ఉండాలి.

మోకాళ్ళదాకా బురదలో నిలబడి నడుం నిమురుకుంటూ తల పైకెత్తాను. వాగుమీదికి వంగిన చెట్టుకి తీగలు అల్లుకుని ఉన్నాయి. రెండు నిలువుల ఎత్తున ఆ తీగల మధ్య గుండ్రంగా ఒక ఆకుల ముద్ద. పిట్టగూడు అంత పెద్దది కట్టదు. ఆకులు పచ్చగా ఉన్నాయి.

ఎంగోంగా వేటగాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన వెనకాల బుట్ట మోసుకుని ఎన్నేళ్ళు నడిచానో. ఒకసారి ఇలాంటి ముద్దనే చూపించి నా నోటిమీద చెయ్యి పెట్టాడు. తర్వాత ఇంటికొచ్చాక చెప్పాడు: ఓయాన్ ఆకులు తెంపుకుని గూడు కట్టుకుంటుంది, ఇద్దరు ముగ్గురు కలిసి అందులోనే ముడుచుకుని పడుకుంటాయి, ఆకులు వాడేలోగా వదిలేసి ఇంకోచోట కట్టుకుంటాయి. పచ్చగా ఉంటే లోపల ఉన్నట్టు. వాడితే పోయినట్టు.

నేను తల దించుకుని చేపలు పట్టాను. పక్కవాళ్ళతో జోకులు కూడా వేశాను. నా గుండె ఎలా కొట్టుకుంటోందో బురదకి తెలుసు.

ఇంటికొచ్చి అత్త పక్కన కూర్చున్నాను. చెప్పాలా వద్దా? ఆవిడ వాడి తల్లి. కానీ చెప్పకుండా చెయ్యడం ఎలా? చెట్టు కింద ఎవరో ఒకరు ఉండాలి, ఇంకే ఆడదానికి చెప్పినా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

"అత్తా, ఓయాన్ గూడు చూశాను."

వేరుశనగకాయలు ఒలుస్తున్న వేళ్ళు ఆగాయి.

"పచ్చగా ఉందా?"

"పచ్చగానే ఉంది."

"ఎంత ఎత్తు?"

"రెండు నిలువులు."

ఒలిచిన గింజలు పళ్ళెంలో పోసి, చేతులు దులుపుకుంది.

"నువ్వు వచ్చిన మూడో ఏట పులుసులో వేసే అడవిమామిడి గింజల ముద్ద విషయంలో నాతో పోట్లాడావు. గుర్తుందా?"

"ఉంది."

"తప్పు నాదే. రేపు పొద్దున్నే పోదాం."

మర్నాడు తెల్లవారగానే ఆవిడ నా నల్లగుడ్డ కొంగు పట్టుకుని నడిచింది. దారిలో ఎదురైనవాళ్ళకి అత్తాకోడళ్ళు పీతలకి పోతున్నారు, అంతే. చెట్టు దగ్గరకొచ్చాం. ఆకులు పచ్చగానే ఉన్నాయి. మూతబుట్టని మెడకి తగిలించుకుని తీగ పట్టుకున్నాను.

"ఎక్కుతున్నావా?"

"ఎక్కుతున్నా."

"ఆడది ఎక్కితే చెట్టు కాయదంటారు."

"ఇది కాసే చెట్టు కాదత్తా."

"అయితే ఎక్కు."

నాకప్పుడు ముప్పైతొమ్మిదేళ్ళు. చిన్నప్పుడు ఎక్కినది తప్ప చెట్టెక్కి ఎన్నాళ్ళయిందో. మోచేతులు గీసుకుపోయాయి. గూడు పక్కకి చేరాక ఊపిరి బిగబట్టి చూశాను. ఆకుల సందులోంచి ఒక చారల తోక, చీమ పాకినప్పుడల్లా కొస కదుపుతూ నిద్రపోతోంది. బుట్ట నోరు తెరిచి ఒక్కసారిగా గూటి కింద నుంచి పైకి తోశాను.

రెండు దూకేశాయి. ఒకటి నా భుజం మీద అడుగు పెట్టి మరీ దూకింది. మూడోది బుట్టలో పడింది. మూత బిగించేలోగా బొటనవేలు దొరకబుచ్చుకుంది. సూదుల్లాంటి పళ్ళు! నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. కింద అత్త మాత్రం విని సంతోషపడింది.

"పట్టావే!" అంది. "దొరక్కపోతే మనిషి అన్ని తిట్లు తిట్టదు."

*

దుఃఖం విడిచేది ఇంక మూడు రోజులకి. బుట్టని కట్టెల మోపు వెనకాల పెట్టి పైన గుడ్డ కప్పాం. మిడతలు వేశాం, చేపముక్క వేశాం, పండిన బొప్పాయి వేశాం. మొదటిరోజు ముట్టలేదు. రెండోరోజు అన్నీ తిని మా వంక చూసింది. చిన్న మొహం, పెద్ద కళ్ళు, నిండా పగ. నాకు నచ్చింది.

చంపి తోలు తీద్దామని కత్తి నూరుతుంటే అత్త ఆపింది.

"ఆడది మచ్చల జంతువు మీద కత్తి పెడితే తోలు చెడిందంటారు. అదొక సాకు. కొనుక్కొచ్చిందంటారు. అదింకో సాకు. ప్రాణంతో ఉన్నదాన్ని చూపిస్తే ఏమంటారు? బతికున్న ఓయాన్‌ని ఏ బజారులో అమ్ముతారు?"

"చూపించి?"

"నీ నడుముకి కట్టమని అడుగు. పట్టిన చేతులు ఎవరివో వాళ్ళకే తోలు అని కదా మాట? మగచేతులని ఎవరూ అనలేదు. నేను చిన్నప్పటినుంచి వింటున్నాను, ఎప్పుడూ అనలేదు."

నేను కత్తి పక్కన పెట్టాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నీ కొడుకు కదత్తా?"

"కొడుకే. కన్నాను, పాలిచ్చాను. చెడ్డవాడు కాదు. వాళ్ళ నాన్న ఎలా ఉండేవాడో అలా ఉంటాడు, అంతే." గోడకి ఆనుకుంది. "మీ ఆయన నాన్న పోయినప్పుడు నాకు ఇరవైనాలుగు, మీ ఆయన చంటివాడు. ఆయన తమ్ముడు, అదే మెబియామె నాన్న, తోలు కట్టుకున్నాడు. తుపాకి చిల్లుల తోలు, ఇంకెవరో చంపినది. అందరికీ తెలుసు. అయినా ముడేశారు. ఏడాదిపాటు రోజూ ఏడ్చాను, కోడలా. తర్వాత అలవాటైపోయింది. అలవాటు పడిపోయానే అన్నదే నా కోపం. ఇప్పటికీ."

పద్నాలుగేళ్ళలో ఆవిడ నన్ను కోడలా అని పిలవడం అదే మొదలు. ఇన్నాళ్ళూ "ఏమే" అనేది. నేను లేచి వెళ్ళి ఆవిడకి పీతల పులుసు వేసిచ్చాను. కారం ఎక్కువైందంది.

*

ఆ రోజు అబా నిండిపోయింది. డప్పులు, తాటికల్లు, మేకలు (ఈసారి మెబియామెవి). నల్లగుడ్డ విప్పి నీళ్ళు పోసి నాకు కొత్తబట్ట కట్టారు. ఇక గొంతెత్తవచ్చు.

మెబియామె కొత్త చొక్కాలో వచ్చాడు. కాగితంలో చుట్టిన తోలు చంకలో ఉంది. అది పట్టడానికి మూడు రాత్రులు కొమ్మమీద కూర్చున్నానని మొదలుపెట్టి, చేతులు తిప్పుతూ, ఎగురుతూ, చాలాసేపు చెప్పాడు. మధ్యలో చిరుతపులి కూడా వచ్చింది. ఆ ఏడుగురూ తలలూపారు. అనుకున్నదే కదా.

అల్లోగో పెద్దయ్య తోలు తీసుకుని అబా అంచున కూర్చున్న మా అత్త ఒళ్ళో పెట్టాడు. "కట్టు తల్లీ, నీ కొడుక్కి."

ఆవిడ తోలు మీద చెయ్యి పెట్టింది. తోకనుంచి మెడదాకా వెనక్కి నిమిరింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ నిమిరింది.

"ఇదేంటిది? వెన్ను పొడుగునా ఈ బిరుసు జుట్టేంటి?"

"ఓయాన్ అమ్మా."

"ఓయాన్ వెన్ను మీద మచ్చలు విడివిడిగా ఉంటాయి, నున్నగా ఉంటుంది. దీనికి మెడనుంచి తోకదాకా జూలు ఉంది. ఇది కోళ్ళదొంగ."

కోళ్ళదొంగ అంటే మచ్చల పునుగు. మా పెరళ్ళలోకి రోజూ వస్తుంది. చూడ్డానికి కొంచెం పోలికే, కానీ మాలో పాలు తాగే పిల్లాడు కూడా తేడా చెబుతాడు. ఇరవై ఏళ్ళు మోటారు సామాన్లు అమ్మినవాడు చెప్పలేడు.

"నీకు కళ్ళు కనపడవు!" అని అరిచాడు మెబియామె.

"కళ్ళు కనపడవు, బజారు ఉప్పు వాసన మాత్రం తెలుస్తోంది. నా మనవరాలి కోడిపిల్లల్ని తిన్నదాన్ని తెచ్చి నీ నడుముకి కట్టమంటావా నాయనా? రేపు ఇంటికి యజమానివవుతావో, గంప కింద దూరతావో?"

అబా అంతా గొల్లున నవ్వింది. అల్లోగో పెద్దయ్య తోలు తిప్పి చూసి మెబియామె మొహాన విసిరాడు. "మూడు రాత్రులు కొమ్మమీద కూర్చుని కోళ్ళగూడు కాపలా కాశావా?"

అప్పుడు నేను వెళ్ళి బుట్ట తెచ్చాను. ఆడవాళ్ళు అబా అంచున కూర్చోవచ్చు గానీ నడిమధ్యకి రాకూడదు. నడిమధ్యకే వెళ్ళి బుట్ట దించాను. గుడ్డ తీశాను.

లోపల అది కూర్చుని అందర్నీ చూసింది. ఒక ముసలాయన చేతిలోంచి కల్లుముంత జారిపోయింది. ఆ వయసులో ఆయన కూడా ప్రాణంతో ఉన్న ఓయాన్‌ని చూడ్డం అదే మొదటిసారి.

"నేను పట్టాను," అన్నాను. మూణ్ణెల్ల తర్వాత నా గొంతు నాకే కొత్తగా ఉంది. "చెట్టెక్కి పట్టాను. ఇదిగో వేలు. పట్టిన చేతులకే తోలు అన్నారు కదా, నా నడుముకి కట్టమనండి. మా అత్త కడుతుంది. నా ఇల్లు, నా తోట, నా కూతురు. ఇంకెవరూ ఏ గోడా కొలవనక్కర్లేదు."

మగవాళ్ళు తలలు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు గుసగుసలాడారు. ఓబోనె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాకు ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు? అల్లోగో పెద్దయ్య మంచివాడే, నేను పట్టినందుకు ఆయన కళ్ళల్లో మెచ్చుకోలు కూడా కనపడింది.

"అండెమె," అన్నాడాయన. పేరుపెట్టి పిలిచాడు. "నువ్వు పట్టిన మాట నిజం. ఈ ఊరు మరిచిపోదు. కానీ ఈ తోలు ఆడదాని నడుముకి ఎన్నడూ ఎక్కలేదు. నువ్వు ఆ ఇంటిదానివి. నువ్వు పట్టింది ఆ ఇంటిది. ఇంట్లో మిగిలిన మగవాడు మెబియామె. చంపి, తోలు తీసి, వాడికే కడదాం. నీకు మర్యాద, వాడికి ఇల్లు. అందరికీ బాగుంటుంది."

మెబియామె నా వంక చూసి నవ్వాడు. నా వేలు కొరికించుకుని నేను తెచ్చినదానితోనే నన్ను కట్టేస్తారన్నమాట. అప్పటికే ఒకడు కత్తి తీసుకుని వస్తున్నాడు.

నేను వంగి మూత తీశాను.

ఓయాన్ ఒక్క క్షణం నిలబడింది. తర్వాత పసుపు గీత ఒకటి స్తంభం మీదుగా పైకి, దూలం మీదుగా, కప్పు మీదుగా పోయింది. వెనకాల అడవి మొదలయ్యే చోట ఒక కొమ్మ ఊగింది. అంతే.

"పట్టుకోండి! పట్టుకోండ్రా!" అని మెబియామె గొంతు చించుకుంటున్నాడు. ఒక్కడూ కదల్లేదు. కత్తి తెచ్చినవాడు కత్తి వంకా నా వంకా చూసి బుర్ర గోక్కున్నాడు.

"అదిగో ఇంటి తోలు," అన్నాను. "అటే పోయింది. కావలసినవాడు వెళ్ళి పట్టుకోవచ్చు."

"వచ్చే పొడికాలం పట్టుకొస్తా! పదిమంది వేటగాళ్ళని పెట్టి అయినా తెస్తా! అప్పుడేం చేస్తావు?"

నేను జవాబు చెప్పేలోగా వెనకనుంచి అత్త మాట వినపడింది. గొంతు పెంచలేదు.

"తెచ్చుకో నాయనా. నేను కట్టను."

"అమ్మా..."

"తల్లి చేత్తో ముడి పడాలి కదా? నీకు ఉన్న తల్లి నేనొక్కదాన్నే. నేను కట్టను."

అల్లోగో పెద్దయ్య కర్ర తీసుకుని లేచాడు. "తోలు ఏ ఏడు తెచ్చినా, కట్టేదాకా ఇల్లు విధవదే," అన్నాడు. "మాట అదే. ఎప్పుడూ అదే." ఆ మాటతో అందరూ కల్లు దగ్గరకి పోయారు.

మెబియామె మాట నిలబెట్టుకున్నాడు. మరుసటి ఏడాది కాదు, నాలుగో ఏట. మంచి తోలు, నున్నగా, విడివిడి మచ్చలు, వేలెత్తి చూపడానికి లేదు. ఏ వేటగాడి చేత పట్టించాడో నేను అడగలేదు. పొద్దున్నే పెద్దమనుషుల్ని వెంటపెట్టుకుని వచ్చి మా గుమ్మంలో తోలు పరిచి, తల్లి ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. బతిమాలాడు, ఏడ్చాడు, శపించాడు, మళ్ళీ బతిమాలాడు. అత్త రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది. పొద్దెక్కింది, పొద్దు వాలింది. ఈగ వచ్చి ముక్కుమీద వాలినా చెయ్యి తియ్యలేదు.

మధ్యాహ్నం ఆకలి వేసింది ఆవిడకి. నేను పళ్ళెంలో కర్రపెండలం ముద్దా పులుసూ తెచ్చి పక్కన కూర్చున్నాను. వాళ్ళందరూ చూస్తుండగా ఒక్కొక్క ముద్దా చేసి నోట్లో పెట్టాను.

"కారం ఎక్కువైంది," అంది. అని, ఇంకో ముద్దకి నోరు తెరిచింది.